పాత బోగీలు ఎక్కడికి పోతాయి? దూరప్రయాణ రైళ్లలో కోచ్‌ల మార్పిడిపై తరచుగా అడిగే ప్రశ్నలు

మన ఎక్స్‌ప్రెస్ రైళ్లలో నీలం బోగీలు పోయి ఎర్రవి వస్తున్నాయి. "మా రైలుకు ఎప్పుడు వస్తాయి?", "వచ్చాక బోగీలు తగ్గాయేంటి?", "పాతవన్నీ తుక్కు కిందకేనా?" అని బంధువుల దగ్గర్నుంచి ఆఫీసు క్యాంటీన్ దాకా నన్ను అడుగుతూనే ఉంటారు. రైళ్ల పిచ్చి ఉన్నవాడినని తెలుసు కాబట్టి. ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఇలా ఒకచోట రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. బోగీ అనేది నిజానికి పెట్టె కింద చక్రాలు బిగించి ఉండే చట్రం పేరు. మనం ఎక్కి కూర్చునే పెట్టెను రైల్వేవాళ్లు కోచ్ అంటారు. కానీ "జనరల్ కోచ్ ఎక్కడ ఆగుతుంది బాబూ?" అని అడిగిన పెద్దాయన్ని నేను ఇంతవరకు చూడలేదు. ఇక్కడా బోగీ అనే రాస్తాను. కింది చట్రం సంగతి వస్తే చట్రం అంటాను.

నీలం బోగీకి, ఎర్ర బోగీకి తేడా రంగొక్కటేనా?

కాదు. రంగు పైపూత మాత్రమే. రెండూ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు దేశాల్లో పుట్టిన డిజైన్లు.

నీలం బోగీని ఐసీఎఫ్ బోగీ అంటారు. మద్రాసు పెరంబూరులో 1955 అక్టోబరు 2న నెహ్రూ ప్రారంభించిన ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ పేరు అది. డిజైన్ స్విట్జర్లాండ్‌లోని ష్లీరెన్ నుంచి వచ్చింది. ఆ రోజుల్లో అదే గొప్ప మార్పు. అంతకుముందు చెక్క ఎక్కువగా ఉన్న పెట్టెలు ప్రమాదంలో ముక్కలైపోయేవి, ఇది మొత్తం ఉక్కుతో కట్టినది. అరవై ఏళ్లకు పైగా ఇదే దేశాన్ని మోసింది. ఈ రకం చివరి బోగీ 2018 జనవరిలో పెరంబూరు నుంచి బయటికొచ్చింది.

ఎర్ర బోగీ ఎల్‌హెచ్‌బీ. జర్మనీలోని లింకే హాఫ్‌మన్ బుష్ అనే కంపెనీ పేరులోని మొదటి అక్షరాలవి. 1990ల మధ్యలో ఒప్పందం కుదిరింది, 2000లో మొదటి విడతగా 24 బోగీలు ఓడలో దిగాయి, తర్వాత పంజాబ్‌లోని కపుర్తలాలో తయారీ మొదలైంది. దీనిది స్టెయిన్‌లెస్ స్టీల్ ఒళ్లు. బ్రేకు చక్రం మీద రుద్దుకోదు, ఇరుసుకు బిగించిన డిస్కును పట్టుకుంటుంది. పొడవు 23.54 మీటర్లు. ఐసీఎఫ్ పొడవు 21.34 మీటర్లే. ఈ రెండు మీటర్ల తేడాను గుర్తుపెట్టుకోండి, కింద చాలా జవాబులకు అదే మూలం.

రంగు చూసి మాత్రం పొరబడకండి. పాత ఐసీఎఫ్ బోగీలకే కొత్త రంగులు వేసిన రైళ్లు చాలా తిరిగాయి.

బాగానే నడుస్తున్న వాటిని మార్చాల్సిన అవసరం ఏమొచ్చింది?

నడవడం బాగానే నడుస్తాయి. పట్టాలు తప్పినప్పుడు ఏమవుతుందన్నదే సమస్య.

ఐసీఎఫ్ బోగీలను ఒకదానికొకటి మర తిప్పి బిగించే కొక్కెంతో కలుపుతారు. పక్కన రెండు గుండ్రటి బఫర్లు ఒత్తుకుని ఉంటాయి. మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ లేదు. రైలు హఠాత్తుగా ఆగిపోతే మాత్రం వెనక బోగీ ముందుదాని మీదకు ఎక్కుతుంది, లేదా దాని లోపలికి దూసుకుపోతుంది. దుర్భిణి గొట్టాలు ఒకదాంట్లోకి ఒకటి జారినట్టు. ఆ మధ్యలో ఉన్నవాళ్ల గతి ఊహించుకోండి. 2016 నవంబరు 20న కాన్పూరు దగ్గర పుఖ్రాయాలో ఇండోర్–పాట్నా ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి దాదాపు 150 మంది చనిపోయారు. రెండు నెలలు తిరగకముందే, 2017 జనవరి 21 రాత్రి, విజయనగరం జిల్లా కూనేరు దగ్గర హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్. దాదాపు 40 మంది. రెండింటిలోనూ ఉన్నవి పాత రకం బోగీలే.

ఎల్‌హెచ్‌బీలో మధ్యలో ఒకే ఒక గట్టి కప్లర్ ఉంటుంది. రెండు పిడికిళ్లు ఒకదాన్నొకటి పట్టుకున్నట్టు పట్టుకుంటుంది, పైకి లేవనివ్వదు. పట్టాలు తప్పినా బోగీలు వీలైనంతవరకు వరసలోనే ఉంటాయి.

ఇది 2016లో కొత్తగా తెలిసిన విషయమేమీ కాదు. రైల్వే భద్రతపై అనిల్ కాకోద్కర్ నేతృత్వంలోని ఉన్నతస్థాయి కమిటీ ఐసీఎఫ్ డిజైన్ ఆపేసి ఎల్‌హెచ్‌బీకి మారమని 2012లోనే చెప్పింది. కమిటీ చెప్పడానికీ, చివరి నీలం బోగీ తయారవడానికీ మధ్య ఆరేళ్లు గడిచాయి. ఆ ఆరేళ్లలో తయారైన ఐసీఎఫ్ బోగీలు ఇంకా ఎక్కడో ఒకచోట తిరుగుతూనే ఉన్నాయి. నాకు కోపం తెప్పించేది ఈ లెక్కే.

అయితే ఎల్‌హెచ్‌బీ ఉంటే ఇక భయం లేదా?

రెండు సంఘటనలు చెబుతాను, మీరే చూడండి.

2023 ఫిబ్రవరి 15న విశాఖపట్నం నుంచి వస్తున్న గోదావరి ఎక్స్‌ప్రెస్ బీబీనగర్, ఘట్‌కేసర్ మధ్య పట్టాలు తప్పింది. ఆరు బోగీలు దిగిపోయాయి. ఒక్కరికీ ఏమీ కాలేదు. ఎల్‌హెచ్‌బీ బోగీలు కాబట్టే ఒరిగిపోకుండా నిలబడ్డాయని అప్పుడు చాలామంది అన్నారు, నేనూ నమ్ముతాను.

అదే ఏడాది జూన్ 2న ఒడిశాలో బహానగా బజార్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైన్‌లో (స్టేషన్ దగ్గరి పక్క లైన్లో) ఆగి ఉన్న గూడ్సును గంటకు దాదాపు 128 కిలోమీటర్ల వేగంతో గుద్దింది. అవీ ఎల్‌హెచ్‌బీలే. 290 మందికి పైగా పోయారు. సిగ్నలింగ్‌లో తప్పు జరిగి, ఇనుప ఖనిజం మోస్తున్న గూడ్సును ఆ వేగంతో ఢీకొంటే ఏ బోగీ అయినా అంతవరకే కాపాడగలదు. పట్టా విరిగినప్పుడు మంచి బోగీ ప్రాణాలు నిలబెడుతుంది. సిగ్నల్ తప్పు చెప్పినప్పుడు ఆపాల్సింది రైలుకు దానంతటదే బ్రేకు వేసే కవచ్ లాంటి వ్యవస్థలు.

ఒక బోగీ ఆయుష్షు ఎంత?

రైల్వే లెక్కలో ఐసీఎఫ్ బోగీకి 25 ఏళ్లు, ఎల్‌హెచ్‌బీకి 35 ఏళ్లు. దీన్ని కోడల్ లైఫ్ అంటారు. ఐసీఎఫ్‌కు తుప్పే పెద్ద శత్రువు. బాత్రూముల కింద, తలుపుల దగ్గర నేల ముందుగా తినేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌కు ఆ బాధ తక్కువ.

ఈ పాతికేళ్లూ ఊరికే తిరిగేస్తుందని కాదు. ఏడాదిన్నరకోసారి బోగీని వర్క్‌షాపుకు పంపి విప్పి, చట్రం విడదీసి, చక్రాలు చూసి, రంగులేసి పంపుతారు. దీన్ని పీఓహెచ్ అంటారు. మన దగ్గర ఆ పని సికింద్రాబాద్ లాలాగూడలో, తిరుపతి వర్క్‌షాపులో జరుగుతుంది. లాలాగూడ గోడ పక్కనుంచి వెళ్లేటప్పుడు చక్రాలు లేకుండా దిమ్మెల మీద కూర్చున్న బోగీలు కనిపిస్తే భయపడకండి, అవి మళ్లీ బయటికొస్తాయి.

నేనెక్కిన బోగీ వయసు తెలుసుకోవచ్చా?

చాలా సులువు. బోగీ పక్కన పెద్ద అక్షరాలతో నంబర్ రాసి ఉంటుంది, ఐదంకెలో ఆరంకెలో. మొదటి రెండంకెలు తయారైన సంవత్సరం. 98తో మొదలైతే 1998, 19తో మొదలైతే 2019. మిగిలిన అంకెల్లో అది ఏసీనా, స్లీపరా, జనరలా అన్న గుర్తు, వరస సంఖ్య దాగి ఉంటాయి. ముందు రాసే అక్షరాలు అది ఏ జోన్‌దో చెబుతాయి. ఎస్‌సీ అంటే దక్షిణ మధ్య రైల్వే.

ఇంకాస్త ఓపిక ఉంటే బోగీ చివర, రెండు బోగీలు కలిసే చోట గోడ మీద చూడండి. పీఓహెచ్ ఏ వర్క్‌షాపులో, ఏ నెలలో జరిగిందో, మళ్లీ ఎప్పుడు వెళ్లాలో తెల్ల అక్షరాలతో రాసి ఉంటుంది. మా అబ్బాయికి చిన్నప్పుడు ఇది ఆట. రైలు ఆగగానే పరుగెత్తుకెళ్లి "నాన్నా, ఇది నాకన్నా పెద్దది" అని అరిచేవాడు.

పాడైన రెండు మూడు బోగీలు తీసేసి కొత్తవి తగిలిస్తే సరిపోదా? రైలంతా ఎందుకు మార్చాలి?

తగిలించడమే కుదరదు. కొక్కెం వేరు, కప్లర్ వేరు. ఐసీఎఫ్ పక్కన ఎల్‌హెచ్‌బీ నేరుగా కలవదు. కరెంటు కూడా వేరు. మామూలు ఐసీఎఫ్ బోగీ తన చక్రం తిరిగినప్పుడు బెల్టుతో తనకు కావలసిన కరెంటు తానే చేసుకుని బ్యాటరీలో దాచుకుంటుంది. ఎల్‌హెచ్‌బీ రేకు, అంటే ఒక రైలుగా కూర్చిన బోగీల వరస, 750 వోల్టుల సరఫరాను బోగీ నుంచి బోగీకి అందించుకుంటుంది. అందుకే మారిస్తే రేకు మొత్తం మార్చాలి.

ఒక్క రేకుతో పని అయిపోదు. రాత్రి బయల్దేరి పొద్దున చేరే రైలు రోజూ నడవాలంటే రెండు రేకులు కావాలి. ఇటు నుంచి ఒకటి వెళ్తుంటే అటు నుంచి ఇంకొకటి వస్తుంటుంది. రెండు రాత్రులు పట్టే దూరమైతే నాలుగైదు. నాలుగు రేకులంటే 88 బోగీలు, మీద కొన్ని స్పేర్. పైగా ఒకే రేకును రెండు మూడు రైళ్లకు పంచి వాడతారు. పొద్దున ఒక పేరుతో వచ్చిన రేకు కడిగించుకుని సాయంత్రం ఇంకో పేరుతో వెళ్తుంది. ఒక రైలును మార్చాలంటే దాంతో ముడిపడ్డ రైళ్లన్నీ మార్చాలి. దినపత్రికలో "ఫలానా మూడు రైళ్లకు ఎల్‌హెచ్‌బీ" అని ఒకే వార్తలో సంబంధం లేని ఊళ్ల పేర్లు కనిపించేది ఇందుకే.

కొత్త రేకులు ఒకేసారి రావు. అందుకే మార్పు జరిగే రోజుల్లో ఒకే రైలు సోమవారం ఎర్రగా, మంగళవారం నీలంగా కనిపిస్తుంది. మీ బావమరిదికి కొత్త బోగీ, మీకు పాతది వచ్చిందంటే అందులో ఎవరి కుట్రా లేదు.

ఎల్‌హెచ్‌బీ వచ్చాక బోగీలు తగ్గించేశారు. సీట్లు పోయినట్టేగా?

బోగీలు తగ్గాయి, బెర్తులు అంతగా తగ్గలేదు. ఇక్కడే ఆ రెండు మీటర్లు పనిచేస్తాయి. ప్లాట్‌ఫారం పొడవు, కడిగే పిట్ లైన్ పొడవు మారవు కదా. 24 ఐసీఎఫ్ బోగీలు పట్టే చోట 22 ఎల్‌హెచ్‌బీలే పడతాయి. కానీ బోగీ పొడవు పెరిగింది కాబట్టి ఒక్కో దాంట్లో ఒక గది ఎక్కువ. స్లీపర్‌లో 72కు బదులు 80, థర్డ్ ఏసీలో 64కు బదులు 72. పది పాత స్లీపర్లలో 720 బెర్తులుంటే, తొమ్మిది కొత్తవాటిలోనూ 720. ఆ లెక్క వరకు నష్టం లేదు.

మరి మా రైల్లో స్లీపర్ బోగీలు సగానికి పడిపోయాయి. అదేం లెక్క?

అది డిజైన్ లెక్క కాదు, నిర్ణయం. ఈ రెండింటినీ కలిపి చూడటం వల్లే జనం ఎల్‌హెచ్‌బీని తిడతారు.

రేకు మార్చేటప్పుడు ఎటూ కొత్తగా కూర్చాలి కాబట్టి, ఆ అదనుతో కొన్ని స్లీపర్లు తీసి థర్డ్ ఏసీలు, ఏసీ ఎకానమీలు పెట్టేశారు. ఏసీ బోగీలో వచ్చే డబ్బు ఎక్కువ, వెయిటింగ్ లిస్టూ ఉంటుంది. రైల్వే వైపు నుంచి చూస్తే తప్పుగా అనిపించదు. కానీ కూలి పనికి చెన్నై, బెంగళూరు వెళ్లే శ్రీకాకుళం కుర్రాడు థర్డ్ ఏసీ కొనడు. అతను జనరల్‌లోకి మారతాడు, లేదా వెయిటింగ్ టికెట్టుతో మిగిలిన స్లీపర్లలోకి ఎక్కుతాడు. ఆరు స్లీపర్లలో పన్నెండింటి జనం ఎక్కితే రిజర్వేషన్ ఉన్నవాడికీ నిద్ర ఉండదు, లేనివాడికీ ఉండదు.

గొడవ పెరిగాక కొంత సర్దుబాటు జరిగింది. 22 బోగీల రైల్లో స్లీపర్, జనరల్ కలిపి 12, ఏసీ 8 ఉండాలన్నదే తమ విధానమని రైల్వే పార్లమెంటులో చెప్పింది. రెండేళ్లలో 10 వేల నాన్ ఏసీ బోగీలు తయారు చేస్తామని 2024లో ప్రకటించి, చాలా రైళ్లలో జనరల్ బోగీలను నాలుగుకు పెంచుతూ వచ్చింది. మీ రైల్లో ఆ 12 ఉన్నాయో లేదో ప్లాట్‌ఫారం మీద నిలబడి లెక్కపెట్టుకోండి. నేను లెక్కపెడుతుంటాను.

టికెట్ మీద 75వ బెర్త్. ఎక్కి చూస్తే బోగీలో 72 దాకానే ఉన్నాయి. ఏం చేయాలి?

ఇది నాకే జరిగింది. ఏ రైలో చెప్పను. చార్టు కొత్త రేకుకు తయారైంది. ఆఖరి నిమిషంలో ఆ రేకు ఏదో మరమ్మతుకు ఆగిపోయి, దాని బదులు పాతది తెచ్చి పెట్టారు. ప్రతి స్లీపర్‌లోనూ 73 నుంచి 80 దాకా ఉన్నవాళ్లం చేతిలో టికెట్, కాళ్ల దగ్గర సామాను పెట్టుకుని నిలబడ్డాం. నాతోపాటు ఒక అమ్మమ్మగారు, ఆవిడకు సీనియర్ సిటిజన్ కోటాలో లోయర్ ఇచ్చారు, కానీ ఆ లోయర్ లోకంలోనే లేదు. టీసీ పాపం చెమటలు కక్కుతూ ఎక్కడెక్కడో సర్దాడు. ఆవిడకు అర్ధరాత్రి దాటాక బెర్త్ దొరికింది.

ఇలా అయితే ముందు టీటీఈ దగ్గరికి వెళ్లండి. మీది కన్‌ఫర్మ్ టికెట్, సర్దుబాటులో మీకే మొదటి హక్కు. తక్కువ తరగతిలో ప్రయాణించాల్సి వస్తే ఛార్జీలో తేడా తిరిగి వస్తుంది. దానికి టీటీఈ నుంచి సర్టిఫికెట్ రాయించుకోవాలి, ఆన్‌లైన్ టికెట్ అయితే దిగాక ఆలస్యం చేయకుండా టీడీఆర్ (డబ్బు వాపసు కోసం దరఖాస్తు) వేయాలి. ఏసీ పనిచేయకపోయినా ఇదే పద్ధతి. రైల్లో ఉండగానే 139కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. రైలు దిగాక అరిస్తే వినేవాడు ఉండడు.

సరే, అసలు ప్రశ్న: తీసేసిన పాత బోగీలు ఎక్కడికి పోతాయి?

అందరూ తుక్కుకే అనుకుంటారు. పేరున్న రైలు నుంచి దిగిన బోగీ నేరుగా తుక్కుకు పోవడం తక్కువ. మెట్టు మెట్టుగా దిగుతుంది.

పన్నెండేళ్ల వయసున్న ఐసీఎఫ్ రేకు ఉందనుకోండి. దాని రైలుకు ఎల్‌హెచ్‌బీ వచ్చింది. ఈ రేకుకింకా పదమూడేళ్ల ఆయుష్షుంది. దాన్ని ఇంకో ఎక్స్‌ప్రెస్‌కు ఇస్తారు, ఆ ఎక్స్‌ప్రెస్‌లో ఇంతకన్నా పాతవి బయటికొస్తాయి. అవి ప్యాసింజర్ రైలుకో, స్పెషల్ రైళ్లకో వెళ్తాయి. అక్కడి ముసలి బోగీలే చివరికి బయటికి పోతాయి. అంటే హైదరాబాద్–ఢిల్లీ రైలుకు కొత్త రేకు వస్తే, దాని ప్రభావం ఎక్కడో చిన్న జంక్షన్‌లో పొద్దున్నే బయల్దేరే ప్యాసింజర్ దాకా పాకుతుంది. పెద్దన్న చొక్కా తమ్ముడికి, తమ్ముడిది చిన్నోడికి వచ్చినట్టు. చివరివాడికి చేరేసరికి మోచేతుల దగ్గర అరిగి ఉంటుంది. బ్రాంచి లైన్ ఊళ్లవాళ్లు "మాకెప్పుడూ పాతవే" అనడంలో అబద్ధం లేదు.

ఈ మెట్లకు పక్కదార్లూ ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది ఎన్‌ఎంజీ, అంటే పాత బోగీని కార్లు మోసే గూడ్సు పెట్టెగా మార్చడం. సీట్లు, బెర్తులు పీకేసి, కిటికీలు, పక్క తలుపులు మూసి వెల్డింగ్ చేసి, రెండు చివరలా పెద్ద తలుపులు పెడతారు. బోగీల మధ్య పలకలు వేస్తే కార్లు ఒక చివర ఎక్కి వరసగా లోపలికి నడుచుకుంటూ వెళ్లి నిలబడతాయి. ఎప్పుడైనా కిటికీల్లేని పొడవాటి రైలు పక్క లైనులో వెళ్లడం చూస్తే అది అదే. ఆకారం చూసి గుర్తుపట్టొచ్చు, పాత కిటికీల అచ్చులు పెయింటు కింద ఇంకా కనిపిస్తాయి. ఒకప్పుడు మీరు చెయ్యి బయటపెట్టి జామకాయలు కొన్న కిటికీ వెనకాల ఇప్పుడు కొత్త కారు ఉంటుంది.

కొన్ని ప్రమాద సహాయ రైళ్లకు వెళ్తాయి. పెద్ద జంక్షన్లలో ఒక మూల ఎప్పుడూ సిద్ధంగా నిలబడి ఉండే రైలది, లోపల పరికరాలు, సిబ్బందికి చోటు. కొన్ని క్యాంప్ కోచ్‌లవుతాయి, పట్టాల పని చేసే గ్యాంగులు వాటిలోనే వండుకుని పడుకుంటారు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు 5,231 నాన్ ఏసీ బోగీలను ఐసోలేషన్ వార్డులుగా మార్చారు, అందులోనూ ఈ పాతవాటికే పిలుపొచ్చింది. ఇంకొన్నిటి అదృష్టం బాగుండి రెస్టారెంట్లయ్యాయి. కాచిగూడ స్టేషన్ దగ్గర అలాంటి దాంట్లో బిర్యానీ తినొచ్చు. రైలు కదలకపోవడం తప్ప అన్నీ బాగుంటాయి.

ఇవేవీ కానివి కండెమ్ అవుతాయి. పనికొచ్చే చక్రాలు, స్ప్రింగులు, ఫ్యాన్లు ఊడదీసి, మిగిలిన డొల్లను వేలంలో అమ్ముతారు.

సంక్రాంతి స్పెషల్‌కు ఎక్కువ డబ్బు తీసుకుని పాత బోగీలు ఎందుకు పెడతారు?

కొత్త రేకులన్నీ రోజువారీ రైళ్లలో కట్టేసి ఉంటాయి. ఏడాదిలో కొన్ని వారాలే నడిచే స్పెషల్స్‌కు మిగిలేది పక్కన పెట్టినవే. శబరిమల సీజన్, సంక్రాంతి, వేసవి, అన్నిటికీ అవే తిరుగుతాయి. ప్రత్యేక ఛార్జీ రద్దీ చూసి పెడతారు, బోగీ చూసి కాదు. ఇది న్యాయమా అంటే, నా మట్టుకు కాదు. ఫ్యాన్ తిరగని బోగీకి మామూలు రైలు కన్నా ఎక్కువ తీసుకోవడం ఏ లెక్కనా సమర్థించలేం.

పాతవాటినే బాగుచేసి వాడొచ్చు కదా?

చేశారు. సగం వయసు వచ్చిన బోగీలను భోపాల్‌లోని వర్క్‌షాపులో దాదాపు అస్థిపంజరం దాకా విప్పి మళ్లీ కడతారు. 2018లో ఉత్కృష్ట్ పేరుతో ఐసీఎఫ్ రేకులకు మంచి లైట్లు, బాత్రూములు, కొత్త రంగులు ఇచ్చారు. చూడ్డానికి బాగుండేవి. కానీ కొక్కెం, చట్రం, బ్రేకు పాతవే. ముఖానికి పౌడర్ రాస్తే మోకాళ్ల నొప్పి తగ్గదు.

కొత్త బోగీ వస్తే వేగం పెరుగుతుందా?

బోగీ ఒక్కటే చాలదు. ఎల్‌హెచ్‌బీ 160 కిలోమీటర్ల వేగానికి తగిన డిజైన్. మామూలు ఐసీఎఫ్ రైళ్లకు హద్దు 110. పట్టాలు, సిగ్నళ్లు కూడా సిద్ధంగా ఉండాలి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్–కాజీపేట–బల్లార్షా, కాజీపేట–విజయవాడ–గూడూరు మార్గాల్లో గరిష్ఠ వేగాన్ని 130కి పెంచారు. ఆ మార్గంలో ఎల్‌హెచ్‌బీ రైలు 130 అందుకుంటే, నీలం రేకు 110 దగ్గరే ఆగుతుంది. నెమ్మది రైలు ముందుంటే వెనక వేగంగా వచ్చేదీ నెమ్మదించాల్సిందే కాబట్టి, మార్గంలో చివరి నీలం రేకు పోయేదాకా పూర్తి లాభం కనిపించదు.

రాత్రి పడుకుంటే ఎల్‌హెచ్‌బీ కుదుపుతోందేం?

పరుగులో హాయిగా ఉంటుంది, బయల్దేరేటప్పుడూ ఆగేటప్పుడూ ముందుకీ వెనక్కీ గుంజుతుంది. కారణం ఆ మధ్య కప్లరే. అందులో కొంచెం ఖాళీ ఉంటుంది, ఇరవై రెండు బోగీల ఖాళీలు వరసగా సర్దుకుంటూ వస్తే వెనక బోగీల్లో దెబ్బ తెలుస్తుంది. కప్లర్ వెనక ఉండే దిమ్మెలను మెరుగైనవిగా మారుస్తూ కొంత తగ్గించారు. డ్రైవరు చేతి నేర్పు మీద కూడా చాలా ఉంటుంది. 2023 డిసెంబరు 30న మొదలైన అమృత్ భారత్ రైళ్లలో ఆ ఖాళీ లేని కప్లర్లు వేశారు, రెండు చివరలా ఇంజన్లు పెట్టారు. వాటిలో మొదటి రెండింటిలో ఒకటి మాల్దా–బెంగళూరు, మన కోస్తా మీదుగానే వెళ్తుంది.

చివర్లో గర్‌ర్‌మని అరిచే జనరేటర్ బోగీ కనిపించడం లేదేం?

పాత పద్ధతిలో ఎల్‌హెచ్‌బీ రేకుకు రెండు చివరలా డీజిల్ జనరేటర్ బోగీలుండేవి. ఇప్పుడు ఇంజన్ పైనున్న తీగ నుంచి తీసుకున్న కరెంటులో కొంత బోగీలకు పంపుతుంది. ఒక జనరేటర్ బోగీ తీసేసి ఆ చోట జనానికి, గార్డుకు, దివ్యాంగులకు చోటున్న బోగీ పెట్టారు. రెండోది అవసరానికి ఉంచారు. డీజిల్ ఖర్చూ పొగా తగ్గాయి. చివరి బోగీలో పడుకునేవాళ్లు దీనికి ఎక్కువ సంతోషించారు.

బోగీ మారితే ఛార్జీ పెరుగుతుందా?

ఐసీఎఫ్ నుంచి ఎల్‌హెచ్‌బీకి మారినంత మాత్రాన పెరగదు. రైలు సూపర్‌ఫాస్ట్‌గా మారితే, లేదా మీరు స్లీపర్ దొరక్క ఏసీ కొంటే జేబుకు తెలుస్తుంది.

ఇన్ని బోగీలు కావాలి కదా, మన కాజీపేట ఫ్యాక్టరీ ఏమైంది?

వరంగల్ వాళ్ల దగ్గర ఈ ప్రశ్న ఎత్తితే సాయంత్రం దాకా కదలనివ్వరు. 1980లలో కాజీపేటకు వస్తుందనుకున్న కోచ్ ఫ్యాక్టరీ కపుర్తలాకు వెళ్లిపోయింది. ఎల్‌హెచ్‌బీ తయారీ మొదలైంది కూడా అక్కడే. 2014 విభజన చట్టంలో తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీ ఏర్పాటును ఆరు నెలల్లో పరిశీలించాలని రాశారు. పరిశీలన ఏళ్ల తరబడి సాగింది. చివరికి 2023 జులై 8న ప్రధాని మోదీ వరంగల్‌లో శంకుస్థాపన చేశారు, మొదట వ్యాగన్ల యూనిట్‌గా చెప్పినదాన్ని తర్వాత బోగీలూ చేసే యూనిట్‌గా పెంచారు. ఈలోగా చెన్నై, కపుర్తలా, రాయబరేలీ ఫ్యాక్టరీలు కలిసి 2014 తర్వాత 42 వేలకు పైగా ఎల్‌హెచ్‌బీలు చేసేశాయి. నలభై ఏళ్లు ఎదురుచూసిన ఊరికి పెద్ద పంట కోతలు అయిపోవచ్చాక పొలం చేతికొచ్చింది.

నా రైలు మారిందో లేదో టికెట్ కొనేముందే తెలుస్తుందా?

చాలావరకు తెలుస్తుంది. మీ రైలుకు ఈమధ్య వెళ్లొచ్చిన ఎవరి టికెట్టయినా చూడండి. స్లీపర్‌లో బెర్త్ నంబర్ 72 దాటితే, థర్డ్ ఏసీలో 64 దాటితే అది ఎల్‌హెచ్‌బీ. ఒక్క గరీబ్ రథ్ దగ్గర ఈ చిట్కా పనిచేయదు. పాత రేకుల్లోనే సైడ్ మిడిల్ బెర్త్ ఇరికించి నంబర్లు పెంచారు. అందులో పడుకున్నవాళ్లకు ఏ రకం బోగీనో వేరే చెప్పక్కర్లేదు, వాళ్ల నడుమే చెబుతుంది.